సైగల భాషని రాయడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బధిర పిల్లల అమ్మానాన్నలు, స్పెషల్ స్కూల్ టీచర్లు, ఇంటర్‌ప్రెటర్ కోర్సులో చేరినవాళ్ళు, కొత్తగా ఐఎస్ఎల్ అంటే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ నేర్చుకుంటున్నవాళ్ళు, అందరూ ఇంచుమించు అవే అనుమానాలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మొదలుపెట్టక ముందు

సైగలకి కూడా లిపి ఉంటుందా? చేతులతో చేసేదాన్ని కాగితం మీద ఎలా పెడతారు?

ఉంటుంది, ఒకటి కాదు చాలానే ఉన్నాయి. ఏ సైగ తీసుకున్నా అందులో విడివిడి భాగాలుంటాయి: చెయ్యి ఏ ఆకారంలో ఉంది, అరచెయ్యి ఎటు తిరిగి ఉంది, ఒంటి మీద గానీ ఒంటి ముందు గానీ ఎక్కడ ఉంది, ఎటు కదిలింది, ఆ సమయంలో ముఖం ఎలా ఉంది. వీటికి గుర్తులు పెట్టుకుంటే సైగని రాసినట్టే. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పారిస్‌లో బధిరుల బడిలో పాఠాలు చెప్పిన బెబియాన్ 1825లోనే ఇలాంటి గుర్తుల పద్ధతిని అచ్చువేశాడు. ఆ తర్వాత అమెరికాలో బధిరులు చదివే గాలడెట్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే విలియం స్టోకో 1960లో అక్కడి సైగలని చోటు, చేతి ఆకారం, కదలిక అని విడదీసి గుర్తులతో రాసి చూపించాడు. సైగలు కూడా నిండైన భాషే అని భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోవడానికి ఆ పనే పెద్ద ఆధారమైంది. రాయాలని కూర్చుంటే తప్ప కనపడని నిర్మాణం అది, ఈ లిపుల మీద నాకింత మక్కువ ఉండటానికి కారణం కూడా అదే.

చేతిలో ఫోన్ ఉంది, వీడియో తీసుకుంటే అయిపోయేదానికి ఇంత కష్టం ఎందుకు?

వీడియో కావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ వీడియో చెయ్యలేనివి చాలా ఉన్నాయి. క్లాసులో పాఠం వింటూ పక్కన నోట్సు రాసుకోలేం, మధ్యలో ఒక్క వాక్యం కొట్టేసి ఇంకోటి పెట్టలేం, బోర్డు మీదా గోడ మీదా రాయలేం, ముఖం చూపించకుండా ఏదీ చెప్పలేం. చిన్న కవిత రాద్దామనుకున్న బధిర అమ్మాయి ప్రతి మార్పుకీ కెమెరా ముందు నిలబడి మొత్తం మళ్ళీ చెయ్యాలి.

ఇంకో ఇబ్బంది వెతకడంలో ఉంది. ఢిల్లీలోని ఐఎస్ఎల్ పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 పదాలతో వీడియో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి దాన్ని 10,000 పదాలకి పెంచింది. చాలా గొప్ప పని. కానీ అందులో మాట తెలిస్తే సైగ దొరుకుతుంది, ఎదుటివాళ్ళు చేసిన సైగ చూసి దాని అర్థం వెతకాలంటే దారి ఉండదు. సైగని గుర్తుల్లో రాయగలిగితే చోటు, చేతి ఆకారం, కదలిక వీటిని బట్టి వరస పెట్టొచ్చు. స్టోకో, ఆయనతో పనిచేసినవాళ్ళు 1965లో వేసిన అమెరికన్ సైగల నిఘంటువు అలా పేర్చిందే.

సైగ పక్కన తెలుగు మాట రాసుకుంటే చాలదా?

మీ గుర్తు కోసం అయితే రాసుకోండి, అందరూ మొదట చేసేది అదే. కాకపోతే అలా రాసింది సైగల భాష కాదు, సైగలకి తగిలించిన తెలుగు చీటీలు. 'ఇవ్వడం' అనే సైగే చూడండి. నా వైపు నుంచి మీ వైపు చెయ్యి కదిలితే నేను మీకు ఇచ్చినట్టు, మీ వైపు నుంచి నా వైపు కదిలితే మీరు నాకు ఇచ్చినట్టు. మీ పుస్తకంలో మాత్రం రెండుచోట్లా 'ఇవ్వు' అనే ఉంటుంది. కదలికే వ్యాకరణం అయిన చోట కదలికని వదిలేసి రాస్తే ఏం మిగులుతుంది? కనుబొమలు ఎత్తడం, తల అడ్డంగా ఊపడం, ముందు మనిషిని కుడివైపు పెట్టి తర్వాత ఆ కుడివైపుకే చూపించడం, ఇవన్నీ కూడా చీటీల్లో పోతాయి. పైగా ఆర్నెల్ల తర్వాత ఆ చీటీ చూస్తే సైగ గుర్తురాదు, అప్పటికి మీకు గుర్తున్నది తెలుగు మాట మాత్రమే.

నాకు సైన్ లాంగ్వేజ్ అసలు రాదు. ముందు లిపి నేర్చుకుని తర్వాత భాష నేర్చుకోవచ్చా?

వద్దు. గుర్తులు పట్టుబడతాయేమో గానీ అవి చూసి మీరు చేసే సైగ బొమ్మ చేసినట్టుంటుంది, ఆ భాషలో వేగం, నిదానం, చూపు ఎలా ఉంటాయో మీ ఒంటికి తెలియదు. ముందు బధిరుల దగ్గర, వీలైతే బధిర టీచర్ దగ్గరే, మామూలు మాటామంతీ జరిపే స్థాయికి రండి. బధిరుల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ కోర్సుల గురించి అడగండి, మీ ఊళ్ళో బధిరుల సంఘం ఉంటే వాళ్ళ సమావేశాలకి వెళ్ళండి. ఒక వంద సైగలు తడుముకోకుండా చెయ్యగలుగుతున్నారంటే లిపి మొదలుపెట్టొచ్చు.

ప్రపంచమంతా సైగలు ఒకటే కదా, అయితే లిపి కూడా ఒకటే చాలు?

సైగలు ఒకటి కావు. అమెరికా వాళ్ళు, బ్రిటన్ వాళ్ళు మాట్లాడేది ఇంగ్లిషే అయినా వాళ్ళ సైగల భాషలు వేరు, ఒకరిది ఒకరికి అర్థం కాదు. మన ఐఎస్ఎల్ వేరు. కానీ లిపి మాత్రం అన్నిటికీ పనికొచ్చేది ఉండొచ్చు, ఎందుకంటే చేతులూ ముఖమూ అందరికీ ఒకటే. సైన్‌రైటింగ్, హామ్‌నోసిస్ అనే పద్ధతులు రెండూ ఏ దేశపు సైగనైనా రాసేలా తయారైనవే.

## ఏ పద్ధతి ఎంచుకోవాలి

స్టోకో, హామ్‌నోసిస్, సైన్‌రైటింగ్, ఈ మూడింట్లో ఏది నేర్చుకోను?

చదువుకోవడానికీ రాసుకోవడానికీ అయితే సైన్‌రైటింగ్, ఇంకో ఆలోచన వద్దు.

స్టోకో పద్ధతి చరిత్రలో చాలా ముఖ్యమైంది. మొత్తం 55 గుర్తులు, 12 చోట్లకి, 19 చేతి ఆకారాలకి, 24 కదలికలకి. కానీ అది అమెరికన్ సైగల కోసమే చేసింది, ముఖ కవళికలకి అందులో గుర్తులే లేవు, దానితో వాక్యం రాయడం కష్టం. హామ్‌నోసిస్ 1980ల్లో జర్మనీలోని హాంబర్గ్ యూనివర్సిటీలో పరిశోధకుల కోసం పుట్టింది, దాదాపు 200 గుర్తులు ఎడమ నుంచి కుడికి ఒకే వరసలో వస్తాయి. చాలా కచ్చితంగా ఉంటుంది, అయితే ఒక్క సైగకే పొడుగాటి గుర్తుల వరస తయారవుతుంది, దాన్ని చూడగానే చెయ్యి కళ్ళ ముందుకి రాదు.

సైన్‌రైటింగ్ కథ వేరు. వాలరీ సటన్ అనే అమెరికన్ మహిళ డాన్స్ కదలికలు రాయడానికి ఒక పద్ధతి తయారుచేసి డెన్మార్క్‌లో నేర్పుతుండగా, కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో సైగల మీద పనిచేసేవాళ్ళు చూసి మా సైగలు కూడా ఇలా రాయొచ్చా అని అడిగారు, అలా 1974లో మొదలైంది. ముఖం గుండ్రంగా పైన, చేతులు కింద, కదలిక బాణాల్లో, అంటే సైగ చేసే మనిషి ఎలా కనిపిస్తాడో గుర్తులు అలాగే అమరుతాయి. తర్వాత దాన్ని మార్చుతూ మెరుగుపెట్టడంలో బధిరుల పాత్ర చాలా ఉంది. నేను దాన్నే చెప్పడానికి పెద్ద కారణం అది.

మరి హామ్‌నోసిస్ ఎవరికీ పనికిరాదా?

పనికొస్తుంది, ముఖ్యంగా కంప్యూటర్ వైపు వెళ్ళేవాళ్ళకి. హామ్‌నోసిస్‌లో రాసిన సైగని సిగ్‌ఎంఎల్ అనే, కంప్యూటర్ చదవగలిగే రూపంలోకి మార్చి స్క్రీన్ మీద బొమ్మ మనిషి చేత చేయించవచ్చు. మన దేశంలో ఐఎస్ఎల్ యానిమేషన్ మీద పరిశోధన చేస్తున్నవాళ్ళలో కొందరు ఈ దారిలోనే వెళ్తున్నారు. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుకి ఇదే పట్టుకుంటారు, మంచిదే. ఒక్కటే కోరతాను, బొమ్మ చేసిన సైగ సరిగ్గా ఉందో లేదో బధిరులకి చూపించి వాళ్ళు అర్థమైందన్నాకే పని అయిందనుకోండి.

ఐఎస్ఎల్‌కి ప్రభుత్వం గుర్తించిన లిపి ఏదైనా ఉందా?

లేదు. 2020 జాతీయ విద్యా విధానం ఐఎస్ఎల్‌ని దేశమంతా ప్రామాణికం చేస్తామంది, జాతీయ ఓపెన్ స్కూల్‌లో ఐఎస్ఎల్ ఒక సబ్జెక్టుగా వచ్చింది, పాఠ్యపుస్తకాలని సైగల్లోకి మార్చే పని కూడా నడుస్తోంది. కానీ ఇదంతా వీడియోల్లోనే. లిపి నేర్చుకోవడం ప్రస్తుతానికి మన ఇష్టంతో, మన పూనికతో చేసుకోవాల్సిందే. దానివల్ల ఉద్యోగమో సర్టిఫికెట్టో వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి.

## గుర్తులు నేర్చుకునేటప్పుడు

గుర్తులు వేలల్లో ఉన్నాయట, చూస్తేనే టెన్షన్‌గా ఉంది. అన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. సైన్‌రైటింగ్‌లో చేతి ఆకారాలు 261, అవి పది గుంపులుగా ఉంటాయి. ఒక్కో ఆకారం అరచెయ్యి తిరిగి ఉన్న దిక్కుని బట్టి 6 రకాలుగా, తిప్పిన కోణాన్ని బట్టి, ఎడమ కుడి చేతులని బట్టి 16 రకాలుగా, మొత్తం 96 రూపాల్లో కనిపిస్తుంది, వేలు అన్న లెక్క అక్కడి నుంచి వస్తుంది. మనకి మాత్రం అది ఒకే గుర్తు, కాస్త తిప్పిందీ కాస్త నింపిందీ అంతే. పిడికిలి అంటే చదరం, దానికి ఒక గీత తగిలిస్తే చూపుడువేలు, రెండు గీతలైతే రెండు వేళ్ళు. ఏ భాషా 261 ఆకారాలూ వాడదు. మీకు వచ్చిన సైగల్లో ఏ ఆకారాలు వస్తున్నాయో చూసి వాటితోనే మొదలుపెట్టండి, మిగతావి అవసరం పడ్డప్పుడు వెతుక్కోవచ్చు.

చేతి గుర్తు ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా, ఒకచోట సగం సగం ఉంది. ఎందుకు?

తెలుపు అంటే సైగ చేసేవాళ్ళకి తమ అరచెయ్యి కనిపిస్తోంది. నలుపు అంటే చేతి వెనక వైపు కనిపిస్తోంది. సగం సగం అంటే చెయ్యి పక్కకి తిరిగి ఉంది, తెల్ల సగం ఎటుంటే అరచెయ్యి అటు. నమస్తేనే రాసి చూడండి: రెండు చాచిన చేతులు, కుడిచేతికి ఎడమ సగం తెలుపు, ఎడమచేతికి కుడి సగం తెలుపు, మధ్యలో తాకినట్టు నక్షత్రం గుర్తు.

ఇక్కడ అందరూ తడబడేది ఒకటుంది. రాసేది ఎదుటివాళ్ళకి కనిపించినట్టు కాదు, చేసేవాళ్ళకి కనిపించినట్టు. మొదట్లో చూసేవాళ్ళ వైపు నుంచే రాసేవాళ్ళు, 1980ల్లో బధిర రచయితలు మా చేతులు మాకు కనిపించినట్టే రాస్తామని పట్టుబట్టి మార్పించారు. వీడియో చూసి రాస్తుంటే అంతా తిరగబడుతుంది కాబట్టి వీడియో ఆపి, సైగ మీరే చేసి, మీ చేతిని మీరే చూసుకుని రాయండి. చేతి గుర్తులో వేళ్ళు విడిపోయినట్టు చిన్న ఖాళీ కనిపిస్తే చెయ్యి నేలకి సమాంతరంగా ఉందని అర్థం.

బాణాల్లో ఒంటి గీత, జంట గీత ఉన్నాయి. రెండూ పైకే చూపిస్తున్నాయి, తేడా ఏంటి?

కాగితం మీద పైకి చూపించే బాణానికి రెండు అర్థాలు రావచ్చు కదా, చెయ్యి నిజంగా పైకి వెళ్ళిందా లేక ముందుకి వెళ్ళిందా అని. అందుకే ఆ ఏర్పాటు. జంట గీత బాణం పైకీ కిందకీ, ఒంటి గీత బాణం ముందుకీ వెనక్కీ. బాణం ములుకు నల్లగా ఉంటే కుడిచెయ్యి, తెల్లగా ఉంటే ఎడమచెయ్యి కదిలింది. 'నువ్వు' అని చూపించాలంటే చూపుడువేలు గుర్తు, పక్కన ఒంటి గీత బాణం. మొదటి రోజుల్లో చాలా తప్పులు ఈ గీతల్లోనే వస్తాయి, రాసింది ఇంకొకరి చేత చేయించి చూస్తే వెంటనే బయటపడతాయి.

నక్షత్రం, ప్లస్, చుక్కలు, ఇవి దేనికి?

తాకడం ఎలా జరిగిందో చెప్పడానికి. నక్షత్రం అంటే తాకింది, ప్లస్ అంటే పట్టుకుంది, అడ్డం నిలువు గీతల జల్లెడ గుర్తు అంటే గట్టిగా తగిలింది, గుండ్రంలో చుక్క అంటే రాసుకుంటూ వెళ్ళిపోయింది, చుట్ట తిరిగిన గుర్తు అంటే అక్కడే రుద్దింది. చిన్న నల్ల చుక్క వేళ్ళు మధ్య కణుపు దగ్గర ముడుచుకోవడానికి, ఖాళీ చుక్క విచ్చుకోవడానికి. 'నేను' అంటే చూపుడువేలు ఛాతీకి తగులుతుంది కాబట్టి అక్కడ నక్షత్రం పడుతుంది.

ముఖం కూడా రాయాలా? చేతులు రాస్తే అర్థమైపోదా?

రాయాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. నోటితో మాట్లాడేటప్పుడు 'వస్తావా', 'వస్తావ్' అని చివర్లో తేడా చేసినట్టే సైగల్లో ఆ తేడా ముఖం చేస్తుంది. అవే చేతులు, అదే వరస, కనుబొమలూ కళ్ళూ మారితే ప్రశ్న అవుతుంది, తల అడ్డంగా ఊపితే కాదన్నట్టవుతుంది. బుగ్గలు పూరించడం, పెదాలు బిగించడం ఎంత పెద్దది, ఎంత కష్టం లాంటివి చెబుతాయి. సైన్‌రైటింగ్‌లో ముఖం అంటే ఒక గుండ్రం, అందులో కనుబొమలు, కళ్ళు, నోరు, అవసరమైనవే వేస్తారు. ప్రతి సైగకీ అన్నీ వెయ్యక్కర్లేదు, కానీ ప్రశ్న, కాదనడం, షరతు ఉన్న వాక్యాల్లో ముఖం లేకపోతే ఆ వాక్యం తప్పే.

నాది ఎడమచేతి వాటం. ఎలా రాసుకోవాలి?

మీరు ఎలా చేస్తే అలాగే. నిఘంటువుల్లో మాత్రం కుడిచేతి వాటంగా రాస్తారు కాబట్టి అవి చదవడం అలవాటు చేసుకోండి.

ఎన్నాళ్ళు పడుతుంది?

సైగలు బాగా వచ్చినవాళ్ళు రోజూ కాసేపు కూర్చుంటే కొన్ని వారాల్లో తెలిసిన సైగలని చదవగలుగుతారు. రాయడం అంతకంటే ఆలస్యంగా వస్తుంది, ఒక భాషలో చదవడం ముందూ రాయడం వెనకా వచ్చినట్టే. ఒంటరిగా నేర్చుకుంటే మాత్రం ఎక్కువమంది మధ్యలో వదిలేస్తారు, కనీసం ఇంకొకరిని కలుపుకోండి, మీరు రాసింది వాళ్ళు చదివి చెయ్యాలి, వాళ్ళు రాసింది మీరు చెయ్యాలి.

## రాయడం మొదలయ్యాక

విడి సైగలు వచ్చాయి, వాక్యాలు రాయాలంటే ఎలా?

సైన్‌రైటింగ్ పై నుంచి కిందకి నిలువు వరసల్లో నడుస్తుంది, ఒక వరస అయ్యాక కుడివైపు వరసకి వెళ్ళాలి. వాక్యం అయిపోతే అడ్డగీత. ఒళ్ళు ఎడమకో కుడికో ఒరిగితే ఆ సైగని వరసలో కాస్త అటువైపుకి జరిపి రాస్తారు. ఇద్దరి సంభాషణ చెప్పేటప్పుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి చేస్తాం చూడండి, అది కాగితం మీద కూడా అలాగే కనిపిస్తుంది.

వాక్య క్రమం తెలుగువాళ్ళకి పెద్ద కష్టం కాదు. ఐఎస్ఎల్‌లో కూడా క్రియ సాధారణంగా చివరికే వస్తుంది, 'ఏమిటి', 'ఎక్కడ' లాంటి ప్రశ్న సైగ ఇంకా చివరికి వస్తుంది. జారిపడేది ఎక్కడంటే మన విభక్తులు, 'వచ్చాడు', 'వచ్చింది' లాంటి తోకలు, వీటన్నిటికీ ఒక్కో సైగ వెతికి పెట్టాలని చూస్తారు. పెట్టకండి. బధిరులు చేసిన వాక్యాన్నే రాయండి, తెలుగు వాక్యాన్ని సైగల్లోకి దింపకండి.

ఒకే సైగని హైదరాబాద్‌లో ఒకలా, విశాఖలో ఇంకోలా చేస్తే ఏది రాయాలి?

రెండూ రాయండి, పక్కన ఊరి పేరు పెట్టండి. 1970ల చివర్లో సైగల పరిశోధకుడు మదన్ వాసిష్ఠ బృందం ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, బెంగళూరు సైగలని పోల్చి చూసినప్పుడే సైగల్లో తేడాలున్నా భాష ఒకటే అన్న సంగతి బయటపడింది. తేడాలు తప్పులు కావు. ప్రామాణికం పేరుతో అందరికీ ఒకటే సైగ వస్తున్న ఈ కాలంలో మన ఊళ్ళలో పెద్దవాళ్ళు చేసే పాత సైగలు ఎవరూ రాసిపెట్టకుండానే వెళ్ళిపోతాయి. మీకు లిపి వస్తే ముందు చెయ్యదగ్గ పని వాళ్ళ దగ్గర కూర్చోవడం, వాళ్ళ అనుమతితో వీడియో తీసుకోవడం, తర్వాత దాన్ని రాయడం.

మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు ఎలా?

బధిరులు ఒకరికొకరు సైగ పేర్లు పెట్టుకుంటారు, ఆ పేరు ఉంటే అదే రాయండి. లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలకి ఐఎస్ఎల్‌లో రెండు చేతులతో చేసే వేళ్ళ అక్షరాలు వరసగా రాయాలి. పేరు పెట్టే హక్కు బధిరులది, మీకు మీరే సైగ పేరు పెట్టేసుకోకండి.

ఫోన్‌లో టైప్ చెయ్యొచ్చా? నాకు డబ్బాలు కనిపిస్తున్నాయి.

ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలకి వాడే ప్రమాణం యూనికోడ్, 2015లో వచ్చిన దాని 8.0 రూపంలో సైన్‌రైటింగ్‌కి 672 గుర్తులు చేరాయి. కానీ ఫాంట్ లేకపోతే డబ్బాలే కనిపిస్తాయి, ఉన్నా కూడా గుర్తులు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి తప్ప, చెయ్యి ముఖానికి ఎంత దూరంలో ఉందో ఆ అమరిక యూనికోడ్ ఒక్కటే ఇవ్వదు. అందుకే సైన్‌పడిల్ లాంటి ఆన్‌లైన్ సాధనాలు వాడతారు, గుర్తుని ఎంచుకుని కావాల్సిన చోటికి లాగి పెట్టడం, నిఘంటువులో దాచుకోవడం అక్కడ ఉచితంగా చేసుకోవచ్చు. నా సలహా ఏమిటంటే మొదటి నెలలు పెన్సిల్, గళ్ళ పుస్తకం. చేత్తో గీస్తేనే ఆకారం పట్టుబడుతుంది.

బడిలో పిల్లలకి నేర్పితే వాళ్ళ తెలుగు దెబ్బతినదా?

అమ్మానాన్నల భయం నాకు అర్థమవుతుంది, పదో తరగతి పరీక్ష సైన్‌రైటింగ్‌లో ఉండదు కదా. కానీ పుట్టుకతో వినపడని పిల్లకి తెలుగు అక్షరాలు చెవికి తెలియని భాషని చూపిస్తాయి, 'క' అంటే ఏ శబ్దమో తెలియకుండానే 'క' నేర్చుకోవాలి. తనకి బాగా వచ్చిన భాషలో ఒకసారి చదివిన పిల్లకి చదవడం అంటే ఏమిటో తెలుస్తుంది. నికరాగువాలో 1990ల నుంచి బధిర పిల్లలకి సైన్‌రైటింగ్ నేర్పారు, జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో బడి పాఠాల్లో వాడారు, బ్రెజిల్‌లో శాంటా కతరీనా ఫెడరల్ యూనివర్సిటీలో సైగల భాష చదివేవాళ్ళకి ఇది పాఠంగా ఉంది. దాన్ని అక్కడ ముందుకి నడిపిన మరియాన్ స్టుంఫ్ స్వయంగా బధిరురాలు.

చెయ్యాల్సింది తెలుగు తీసేసి ఇది పెట్టడం కాదు. ఒక పేజీలో ఎడమవైపు సైగల్లో రాసిన చిన్న కథ, కుడివైపు అదే కథ తెలుగులో. ముందు ఎడమవైపు చదివి, చేతులతో చెప్పి, అర్థం చేసుకున్నాక కుడివైపుకి రావాలి. ఒక టీచర్, నలుగురు పిల్లలు, పది సైగల కథ ఒకటి, ఇంతతో మొదలుపెట్టొచ్చు.

నాకు తెలిసిన బధిరులే ఇది అక్కర్లేదంటున్నారు. అయినా నేర్చుకోవాలా?

వాళ్ళ మాట విలువైంది, వాదించకండి. లిపి లేకుండానే వాళ్ళు జీవితమంతా ఈ భాషలో నిండుగా బతికారు. వినపడేవాళ్ళు వచ్చి మీ భాషకి ఇది లోటు అంటే ఎవరికైనా కోపం వస్తుంది. మీ నోట్సు కోసం మీరు నేర్చుకోండి. వాళ్ళు చెప్పిన ఒక చిన్న సంగతి రాసి, వారం తర్వాత ఆ కాగితం చూసి వాళ్ళ ముందే తిరిగి చెయ్యండి, ముఖంతో సహా. అప్పుడు ఎవరైనా కాగితం తీసుకుని చూసి ఇక్కడ నా చెయ్యి ఇలా లేదు అని దిద్దితే, పెన్సిల్ వాళ్ళకి ఇచ్చేయండి.